పదహారు కాగితాలు, ఒకే జవాబు

అనంతపురం దగ్గర ఒక బాలికల ఫుట్‌బాల్ హాస్టల్లో ఓబులేసు అనే కోచ్ ఉండేవాడు. మంచివాడే, కానీ పిల్లలు ఖాళీగా కూర్చుంటే ఆయన చూడలేకపోయేవాడు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది.

ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే పిల్లల సొంతం. గోల్‌కీపర్ మాబున్నీ ఆ పూట ఐదు గులకరాళ్ళు ముందేసుకుని అచ్చనగాయలు ఆడేది.

ఒకరోజు పై ఆఫీసు నుంచి కాగితాలు వచ్చాయి. "విరామ సమయంలో మీకు ఏది ఇష్టం? రాస్తే పంపుతాం" అని వాటిలో ఉంది. ఓబులేసు వాటిని పంచి, ఈల నోట్లో పెట్టుకుని పిల్లల వెనకాలే నిలబడ్డాడు. మాబున్నీ 'అచ్చ' అని రాసింది. కాగితం మీద ఆయన నీడ పడగానే కొట్టేసింది. పదహారు మందీ ఒకటే రాశారు: ఫుట్‌బాల్!

ఓబులేసు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. నెల తిరక్కుండా పదహారు కొత్త బంతులు వచ్చాయి. "ఇంత ఇష్టం ఉంటే ఇంకేం కావాల! ఆదివారం కూడా ప్రాక్టీసే" అన్నాడు. పిల్లల మొహాలు వాడిపోయాయి.

అంతలో జిల్లా పోటీలు వచ్చాయి. మొదటి రెండు జట్లు కాకినాడ వెళ్ళి రాష్ట్ర పోటీల్లో ఆడతాయి. ఈ పిల్లల్లో ఒక్కరు కూడా సముద్రం చూడలేదు. కానీ మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయారు. రెండో స్థానానికి మిగిలింది ఇంకొక్క మ్యాచ్, అదీ పోతే కాకినాడ కల్ల.

"చేతుల్లోకొచ్చిన బంతిని వదిలేస్తివే!" అని మాబున్నీని కోప్పడ్డాడు ఓబులేసు.

"బంతిని చూస్తేనే విసుగొస్తాంది సార్."

"మరి కాగితంలో ఫుట్‌బాల్ అనే రాస్తివి గదా?"

"మీరు ఎనకాల్నే నిలబడితే ఇంకేం రాస్తాం సార్?"

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ కాగితాలు పంచి, ఈసారి గేటు బయటికి వెళ్ళి రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

జవాబులు చదువుతుంటే ఆయనకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఒకామెకు నిద్ర కావాలి. ఒకామెకు అమ్మతో ఫోన్లో తీరిగ్గా మాట్లాడాలి. ఇంకొకామె 'ఏమీ చేయకూడదు, అంతే' అని రాసింది. పేరు లేని కాగితంలో 'సార్ ఒక్కరోజు ఈల ఊదకుంటే చాలు' అని ఉంది.

ఆ ఆదివారం ఓబులేసు బంతులన్నీ గదిలో పెట్టి తాళం వేశాడు. ఈల తీసి వంటామె చేతికిచ్చాడు. మాబున్నీ పక్కన చతికిలబడి తనూ గులకరాళ్ళు ఎగరేశాడు. ఒక్కటీ పట్టలేకపోయాడు.

"ఏం సార్, చేతుల్లోకొచ్చిన రాయిని వదిలేస్తిరే!" అంది మాబున్నీ. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది ఓబులేసే.

బుధవారం మ్యాచ్‌కి పిల్లలు ఈల కోసం చూడకుండానే మైదానంలోకి ఉరికారు. చివరి నిమిషంలో గోల్ మూలకు దూసుకొచ్చిన బంతిని మాబున్నీ ఎగిరి గుండెకు హత్తుకుంది. జట్టు గెలిచింది!

కాకినాడలో దిగిన సాయంత్రం పిల్లలు ఇసుకలో బెదురుగా నిలబడి, "ఇక్కడా ప్రాక్టీసేనా సార్?" అని అడిగారు. ఓబులేసు ఈల జేబులో వేసుకున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, అందరికంటే ముందు తనే నీళ్ళలోకి దిగాడు.

నీతి: ఎంత ఇష్టమైన ఆటకైనా విరామం కావాలి. ఆ విరామం ఎలా గడపాలో పిల్లలనే చెప్పనివ్వాలి, వాళ్ళు భయపడకుండా చెప్పేలా పెద్దలు మసలుకోవాలి.