చిత్తం తిని బతికిన చిలుక

అనగనగా ఒక రాజుగారు. ఆయన లేకపోతే మన కథ కదలదు గనుక ముందు ఆయనతోనే మొదలుపెడదాం. పేరు సింహకేతు, ఊరు కేతవరం. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు, నడిమివాడు జయకేతు, చిన్నవాడు మృదుకేతు. పెద్దవాడికి ముక్కుమీద కోపం. నడిమివాడికి అన్న ఏం చేస్తే అదే చెయ్యడం అలవాటు. చిన్నవాడు మంచివాడే గానీ, రాజుగారి కొడుకు కదా, మంచినీళ్ళు కూడా ఆజ్ఞాపించే తాగేవాడు.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు సభకు వచ్చి ఒక వింత చెప్పాడు. ఏడు సముద్రాల అవతల పగడాలదీవి ఉందట. దాన్ని కరాళదంతుడనే మాంత్రికుడు ఏలుతున్నాడట. అక్కడ కోట లేదు, సైన్యం లేదు, చెరసాల లేదు. అయినా మాంత్రికుడికి ఎదురు చెప్పేవాడు ఒక్కడూ లేడట.

"సైన్యం లేకుండా రాజ్యమా! ఆ కిటుకేదో పట్టుకొస్తాను" అని రణకేతు బయలుదేరాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే, తిరిగి రాలేదు. అన్నను వెతుకుతానని జయకేతు వెళ్ళాడు. వాడూ అంతే. రాజుగారికి అన్నం సయించడం మానేసింది. మంచం పట్టి, తలుపు చప్పుడైతే చాలు "వచ్చారా?" అని లేచి కూర్చునేవాడు. అది చూడలేక మృదుకేతు తండ్రి కాళ్ళకు మొక్కి, "అన్నయ్యలిద్దరినీ తీసుకునే వస్తాను నాన్నగారూ" అని బయలుదేరాడు.

పోగా పోగా ఒక అడవి వచ్చింది. దారికి అడ్డంగా వంగిన కొమ్మకు తేనెటీగల గుంపు వేలాడుతోంది.

"తప్పుకోండి! నేను కేతవరం యువరాజును" అన్నాడు మృదుకేతు.

"అయితే ఏం? కాసేపు కూర్చో" అంది ఒక తేనెటీగ. "మేం కొత్త ఇల్లు వెతుక్కుంటున్నాం. ఇంకా తేలలేదు."

"మీకు రాణి ఉందిగా! ఫలానా చోటని ఆవిడ చెబితే సరిపోదూ?"

"రాణి గుడ్లు పెడుతుంది. ఇల్లు మాత్రం మేమే చూసుకుంటాం. తలొకరూ తలో చోటు చూసివచ్చి చెబుతారు. ఏది బాగుందో అందరికీ కుదిరేదాకా ఇలాగే వేలాడతాం."

చేసేదిలేక మృదుకేతు కూర్చున్నాడు. రాజకుమారుడు ఒకరి కోసం కాచుకుని కూర్చోవడం అదే మొదటిసారి. పొద్దు వాలేవేళకు వాటికి ఒక రాతిగూడు కుదిరింది. పగడాలదీవికి ఎలా వెళ్ళాలని అడిగితే, పోతూ పోతూ అవి, "నేరుగా ఒడ్డుకు వెళ్ళు, అక్కడ తాబేలు తాతను అడుగు" అని దారి చెప్పాయి.

ఒడ్డున గుడిసె అంత తాబేలు ఎండ కాచుకుంటోంది.

"తాతా, నీ రాజెవరు?" అని అడిగాడు మృదుకేతు.

"నాకు రాజు లేడు, మంత్రి లేడు, ఇరుగు లేదు, పొరుగు లేదు. ఇల్లు వీపుమీదే. హాయిగా ఉంటుంది మనవడా. కాకపోతే వీపు దురదపెడితే గోకే దిక్కుండదు" అని తాబేలు నిట్టూర్చింది.

మృదుకేతు కత్తి తీసి, దాని వీపుకు పట్టిన నాచూ గుల్లలూ అన్నీ గీకాడు. తాబేలు సుఖంగా కళ్ళు మూసుకుని, "ఎక్కు, పగడాలదీవిలో దించుతాను" అంది. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నేతి సముద్రంలో మృదుకేతు జారిపోబోయి తాబేలు మెడ పట్టుకున్నాడు. పెరుగు, పాలు, మంచినీళ్ళు కూడా దాటి పగడాలదీవి చేరేసరికి పాపం వాడి బట్టలు పుల్లటి వాసన కొడుతున్నాయి.

ఒడ్డున ఒక రాతిమనిషి నిలబడి ఉన్నాడు. రాయి నెత్తిన ఒక ముసలి కాకి. పక్కన ఒక అమ్మాయి చీపురు పట్టుకుని రాతి పాదాల మీద ఇసుక ఊడుస్తోంది. ఆ అమ్మాయి పేరు చెంగల్వ. మాంత్రికుడు రాకముందు దీవికి పెద్ద ఆమె తండ్రే. ఆ రాతిమనిషి ఆయనే.

"మాంత్రికుడు ఏదో ఆజ్ఞ వేస్తే మా నాన్న ఒక్కడే 'ఎందుకు?' అని అడిగాడు. అంతే, నిలువునా రాయయ్యాడు" అని చెంగల్వ కళ్ళు తుడుచుకుంది. "వాడి ప్రాణం కొలువులో వేలాడే చిలుకలో ఉంది బాబూ. ఆ చిలుక పండు తినదు, గింజ తినదు. వాడి ఆజ్ఞకు ఎవరైనా 'చిత్తం' అంటే చాలు, గాలిలోంచి ఒక గింజ రాలి గిన్నెలో పడుతుంది. అది తినే బతుకుతుంది. రోజూ అక్కడ ఊడ్చేదాన్ని కదా, కళ్ళారా చూశాను."

"మా అన్నయ్యలు?"

"వాళ్ళా? దర్జాగా వచ్చారు. మాంత్రికుడు 'కూర్చోండి' అన్నాడు. మర్యాదకు 'చిత్తం' అన్నారు. 'లేవండి' అన్నాడు. 'చిత్తం' అన్నారు. సాయంత్రానికి వాడి పల్లకీ మోస్తున్నారు."

"ఎంత మంత్రం!" అన్నాడు మృదుకేతు.

"మంత్రమూ కాదు, మట్టీ కాదు. అలవాటు" అంది ముసలి కాకి.

మృదుకేతు ఇక ఆగలేదు. మధ్యాహ్నం మాంత్రికుడు భోంచేసి గురకపెట్టే వేళ చూసి కొలువులో దూరాడు. చిలుక దూడంత ఉంది. పంజరం చువ్వల్లోంచి పొట్ట బయటికి పొంగుతోంది. కత్తి దూసి బలమంతా పెట్టి వేటు వేశాడు. కత్తి వంగింది, ఈక కూడా తెగలేదు. చిలుక కళ్ళయినా విప్పలేదు. మొదటి ప్రయత్నం అలా పోయింది.

మరునాడు అదే వేళకు కొబ్బరితోపులో ఊరివాళ్ళందరినీ పోగుచేశాడు. ఎత్తయిన చోట ఎక్కి, నడుముమీద చెయ్యి వేసుకుని, "దీవి ప్రజలారా! ఇది నా ఆజ్ఞ. ఇక నుంచి మీరెవరూ చిత్తం అనకూడదు!" అని గట్టిగా చెప్పాడు.

ఊరంతా ఒక్క గొంతుతో "చిత్తం!" అన్నారు.

కొలువులో గింజలు జల్లున రాలిన చప్పుడు తోపు దాకా వినిపించింది. చిలుకకు ఎవరి ఆజ్ఞ అయితేనేం? దూడంత చిలుక ఆవంత అయింది. రెండో ప్రయత్నం అలా పోయింది.

చెంగల్వకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మీరూ వాడిలాగే మాట్లాడితే వీళ్ళు ఇంకేమంటారండీ?" అంది.

మృదుకేతుకు సిగ్గేసింది. అన్నయ్యలను విడిపించడానికి వచ్చినవాడు మాంత్రికుడి చిలుకకు విందు చేసి కూర్చున్నాడు. తల వంచుకుని కాకి దగ్గరికి పోయి, "మీ కాకుల్లో ఎలా చేస్తారు?" అని అడిగాడు.

"ఏముంది నాయనా! కష్టమొస్తే ఒకటి అరుస్తుంది, అందరం చేరతాం. రాయి తగిలేది ఒంటరి కాకికే. గుంపు మీదికి ఎవడూ రాడు. కాకపోతే చచ్చేంత గోల ఉంటుంది. ఆ గోల ఓర్చుకోవాలి" అంది కాకి.

మూడోనాడు మృదుకేతు ఎత్తు ఎక్కలేదు. అందరితోపాటు ఇసుకలో చతికిలబడి, "మా అన్నయ్యలు పల్లకీ కింద ఉన్నారు. మీరంతా వాడి చేతికింద ఉన్నారు. ఏం చేస్తే బాగుంటుందో నాకు తెలియడంలేదు. మీరేమంటారు?" అని అడిగాడు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్న వాళ్ళెప్పుడూ వినలేదు మరి. ఒక వలలవాడు, "కాదంటే రాయైపోతాం గదయ్యా" అన్నాడు.

"ఒక్కరైతే అవుతాం. మిగతావాళ్ళ చిత్తాలు తిన్న బలంతోనే గదా ఆ చిలుక మా నాన్నను రాయి చేసింది! ఆనాడు నేనూ చిత్తమే అన్నాను" అంది చెంగల్వ.

అక్కణ్ణించి మొదలైంది గోల. ఒకరు తిరగబడదామన్నారు, ఒకరు పారిపోదామన్నారు, ఒకాయన అసలు విషయం వదిలేసి పక్కింటి మేక సంగతి ఎత్తాడు. మృదుకేతు పళ్ళు బిగబట్టి, అన్నీ విన్నాడు. "నోరు ముయ్యండి" అనే మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆఖరికి ఒక అవ్వ లేచి, "కాదనడానికి నాకు ధైర్యం లేదు. ఔననడానికి మనసు లేదు. ఆలోచించుకుని చెబుతామంటే పోలా?" అంది. అది అందరికీ కుదిరింది.

మరునాడు పొద్దున్నే కరాళదంతుడు కొలువుతీరి, "అందరూ సముద్రంలోకి దిగి నాకు పగడాలు ఏరండి!" అని ఆజ్ఞాపించాడు.

"ఆలోచించుకుని చెబుతామండీ" అన్నారు ఊరివాళ్ళు. గొంతులు వణికాయి గానీ మాట అందరిదీ ఒకటే.

గింజ రాలలేదు. చిలుక "కీ" మంది. మాంత్రికుడు కళ్ళెర్రజేసి, "దిగండి!" అన్నాడు. "ఆలోచిస్తున్నామండీ." ఆవంత చిలుక దూడంత అయింది. "దిగుతారా లేదా?" "ఇంకా తేలలేదండీ." దూడంత చిలుక కోడిపెట్టంత అయింది.

మాంత్రికుడికి చెమటలు పట్టాయి. ముందువరసలో ఉన్న చెంగల్వ వైపు వేలు చూపించాడు. ఆమె పాదాలు రాయి కావడం మొదలైంది. కానీ చిలుకలో ఆ పని ముగించేంత సత్తువ లేదు. ఇంకొక్క గింజ పడితే ముగుస్తుంది. మాంత్రికుడు చటుక్కున పల్లకీ వైపు తిరిగి, "రణకేతూ, జయకేతూ! పల్లకీ ఎత్తండి!" అని అరిచాడు.

అన్నదమ్ములిద్దరూ వంగారు. వాళ్ళు తోపుకు రాలేదు, ఊరివాళ్ళ మాట వాళ్ళకు తెలియదు. రణకేతు నోరు అలవాటుగా తెరుచుకుంది. చెంగల్వ మోకాళ్ళు రాయయ్యాయి.

వద్దని అరవబోయి మృదుకేతు ఆగాడు. అదీ ఆజ్ఞే అవుతుంది. ఏ ఆజ్ఞకైనా అన్న నోట వచ్చేది ఒకటే మాట. దగ్గరికి వెళ్ళి అన్న చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, నువ్వేమంటావు?" అని అడిగాడు.

రణకేతు తమ్ముణ్ణి తేరిపార చూశాడు. "తమ్ముడూ, భుజం నొప్పిగా ఉందిరా" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, "నేనెత్తను" అన్నాడు. అన్న ఎత్తకపోతే జయకేతు మాత్రం ఎందుకు ఎత్తుతాడు?

చిలుక పిచ్చుకంత అయి, చువ్వల సందులోంచి తుర్రున ఎగిరిపోయింది. దానితోపాటే మాంత్రికుడి ప్రాణమూ పోయింది. చెంగల్వ కాళ్ళకు మళ్ళీ వేడి వచ్చింది. ఒడ్డున ఆమె తండ్రి తుమ్ముతూ లేచాడు.

దీవివాళ్ళు కొబ్బరితోపులో కూర్చుని మూడు రోజులు గోల చేసి, ఒక మాటకు వచ్చారు. ఇకమీదట అందరూ కలిసి తేల్చుకున్నదే శాసనం, దాన్ని నడిపించడానికి ఒక రాజు, నడిపించకపోతే దించెయ్యడం. ఆ పనికి నువ్వుంటావా అని మృదుకేతును అడిగారు. వాడు ఒప్పుకుని, చెంగల్వను తనను పెళ్ళాడతావా అని అడిగాడు. ఆమె ఆలోచించుకుని చెబుతానంది. పాపం రాజు సాయంత్రందాకా గోళ్ళు కొరుక్కున్నాడు. సాయంత్రం ఆమె సరేనంది.

అన్నదమ్ములు ముగ్గురూ చెంగల్వా తాబేలెక్కి కేతవరం వచ్చారు. తలుపు చప్పుడుకు ముసలిరాజు "వచ్చారా?" అని లేచాడు. ముగ్గురూ వచ్చారు. ఆ పూట ఆయన కడుపునిండా అన్నం తిన్నాడు. పెళ్ళి వైభవంగా జరిగింది. మృదుకేతు, చెంగల్వ పగడాలదీవిని చాలా ఏళ్ళు గోల మధ్యే చల్లగా పాలించారు.

కేతవరానికి రణకేతు రాజయ్యాడు. పట్టాభిషేకం నాడు ఊరేగింపుకు బంగారు పల్లకీ సిద్ధం చేశారు. ఎక్కబోతూ ఆగి, ఆయన బోయీల దగ్గరికి వెళ్ళాడు. పుట్టినప్పటినుంచీ తనను మోసినవాళ్ళే, వాళ్ళ మొహాలు మాత్రం ఆయన అప్పుడే చూశాడు.

"భుజం నొప్పిగా ఉంటుందా?" అని అడిగాడు.

అందరిలో పెద్దవాడు భుజం తడుముకుని, "ఉంటుంది మహారాజా" అన్నాడు.

ఆ రోజు రాజుగారు ఊరంతా వాళ్ళతో కలిసి నడిచే తిరిగారు. కథ అయిపోయింది, మీరిక కాళ్ళు కడుక్కుని అన్నాలకు రండి.