మేకుల మూర్తి పడవెక్కిన రోజు

తెల్ల అధికారి తుపాకులు పట్టిన సిపాయిలతో వచ్చి, మిట్టమధ్యాహ్నంలోగా ఊరి మూర్తిని తన పడవలోకి చేర్చమన్నాడు.

కాంగో నది ఒడ్డున ఆ ఊరికి వైద్యుడూ పూజారీ అయిన లూఎంబా దగ్గర మకాయా తొమ్మిదేళ్లుగా శిష్యుడు. మూర్తి నడుమెత్తు కొయ్యబొమ్మ. ఒళ్లంతా ఇనప మేకులు. ఊళ్లో ఎవరు ప్రమాణం చేసినా దాని ఒంట్లో ఒక మేకు దిగేది. మాట తప్పినవాణ్ణి అది వెంటాడుతుందని అందరికీ భయం.

"ఇంతమందిని వణికించింది, ఇప్పుడు పలకదేం గురువుగారూ?" అన్నాడు మకాయా.

లూఎంబా మూర్తిని శిష్యుడి వీపుకు కట్టి, తను ముందు నడిచాడు. మేకులు మకాయా వీపులో గుచ్చుకున్నాయి.

మొదటి గడప దగ్గరే లూఎంబా ఆగి, దించమన్నాడు. లోపల్నుంచి చూపులేని అవ్వ వచ్చింది. మేకులన్నీ తడుముకుంటూ పోయి, గుడ్డపీలిక చుట్టిన ఒకదాన్ని పట్టుకుంది.

"సవతి బిడ్డల్ని నా బిడ్డల్లా చూస్తానన్నాను. చూస్తున్నాను."

తర్వాతి ఇంట అన్నదమ్ములిద్దరు ఒకే మేకు పట్టుకుని, వాగులో చేపలు పట్టే హద్దు మళ్లీ చెప్పుకున్నారు. ఆ తర్వాత పిలవకుండానే జనం గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరి మేకు వాళ్లకు తెలుసు. ఎవరి మాట వాళ్లు చెప్పి, ఇంటికి పోకుండా మూర్తి వెనకే నడిచారు. వెంట వస్తున్న అధికారి మొదట కసిరాడు. సగం దారిలో మాటలు మానేశాడు.

రేవుకు చేరేసరికి ఊరంతా అక్కడే ఉంది. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. మూర్తిని ఎత్తడానికి వంగిన సిపాయిలు ఎందుకో ఆగిపోయారు.

అప్పుడు మకాయా మోకాళ్ల మీద కూర్చుని, మూర్తి చంక కింద ఉన్న తన మేకు వెతుక్కున్నాడు. రోగికి అబద్ధం చెప్పనని శిష్యుడైన రోజు కొట్టింది. ఆ మాట పైకి చెప్పాడు. అతను లేచి పక్కకు జరిగాక సిపాయిలు మూర్తిని పడవలోకి ఎక్కించారు.

పడవ నది మలుపు తిరిగి కనుమరుగైంది. ఒడ్డున ఒక్కరూ కదల్లేదు.

లూఎంబా మెల్లగా శిష్యుడి భుజం తట్టాడు.

"పద. పై ఊరివాళ్లు ఇద్దరు ప్రమాణానికి వచ్చి కూర్చున్నారు."

దేని ముందు అని మకాయా అడగలేదు.