గడప కింది మట్టికుక్కలు

పూర్వం యూఫ్రటీస్ నది ఒడ్డున ఒక ఊళ్లో, చంటిపిల్లల్ని ఎత్తుకుపోయే లమష్టు అనే రక్కసి అంటే జనానికి హడలు. ఆ హడలు మీదే భూతవైద్యుడు ఉబారుం ఎర్రశాలువా కప్పుకుని బతికేవాడు. ఇంటింటి గడప కిందా మట్టికుక్కల్ని పాతి, "ఇవి కాపలా ఉండగా లమష్టు లోపల కాలు పెట్టలేదు" అని అభయమిచ్చేవాడు. ఊరికే ఇస్తాడా? ఇంటికో గొర్రె పుచ్చుకునేవాడు.

చాపలల్లే ఇల్తానికి పాలు పడలేదు. ఆమె చంటిబిడ్డ పాడిమేక పాల మీదే బతుకుతోంది. ఆ మేక పొదుగు చూసి ఉబారుంకి నోరూరింది. ఒకరోజు ఇరుగుపొరుగును వెంటేసుకుని సరాసరి లోపలికొచ్చి పలుపు పట్టుకున్నాడు.

"రాత్రి లమష్టు దీంట్లో దూరిందమ్మా. గుడికి తోలుకుపోతాను."

"అయ్యో! ఎటునుంచి వచ్చింది స్వామీ? మా ఇంటికి ఉన్నది ఒకటే గుమ్మం."

"ఆ గుమ్మంలోంచే."

"అంటే మీ కుక్కల్ని దాటుకునే వచ్చిందన్నమాట," అంది ఇల్తాని, వాకిట్లో అందరికీ వినబడేలా. "పాపం, వీళ్ల గడపల కిందా అవే కుక్కలు."

వాకిట్లో గుసగుసలు లేచాయి. ఒక ముసలమ్మ ముందుకొచ్చి, "మా గొర్రెను మాకిచ్చెయ్యి నాయనా" అంది.

"నా కుక్కలు దేన్నీ రానివ్వవు!" అని అరిచాడు ఉబారుం.

"అయితే నా మేకలో ఏమీ లేనట్టేగా?"

ఉబారుం పలుపు వదిలేసి గుమ్మం వైపు నడిచాడు.

"చూసి దాటండి స్వామీ. పరాయి సొత్తు మీద చెయ్యేసిన వాణ్ణి అవి పసిగడతాయేమో!"

తన కుక్కలకు మహిమ ఉందని అంతకుముందే అరిచి చెప్పాడు మరి. అందరూ చూస్తుండగా శాలువా పైకెత్తి, గడపను ఒక్క గెంతులో దాటాడు.