బొటనవేలి కింది వరుస

"ఎవుడ్రా వాడు? నా పిల్లను ఏడిపించిన జడ్జి యాడున్నాడు?"

ఆ కేక వీధి ఆ చివర, పత్తి మార్కెట్టు గేటు దగ్గర పుట్టింది. మేమున్నది ఈ చివర, మేడ మీద గదిలో. అయినా బల్ల మీద పళ్ళాలు గల్లుమన్నాయంటే నమ్మండి.

బసవరాజు గబుక్కున లేచి తలుపు గడియ పెట్టాడు.

బసవరాజు అంటే మా ఆదోనిలో "నెత్తురు కోట" ఆటకి తీర్పరి. అదేం ఆటంటారా? రక్తపిశాచాల బొమ్మలున్న కార్డులండీ. కొనుక్కుంటారు, ఒకరితో ఒకరు మార్చుకుంటారు, వాటితో పందెం కట్టినట్టు పట్టుదలగా ఆడతారు. కార్డు మీద ఏం రాసుంటే పిశాచం అదే చెయ్యాలి. ఆ రాతలో తిరకాసు వచ్చిందా, తీర్పరి చెప్పిందే ఖాయం.

వాడికి ఆ విద్య నేర్పింది ఖాదర్‌వలీ ఉస్తాద్. డెబ్బై దాటిన మనిషి. మనవలతో సరదాగా మొదలుపెట్టి, ఆట నిబంధనలన్నీ తలకెక్కించుకున్నారు. శిష్యుడికి మొదటి రోజు ఒక్కటే చెప్పారట.

"కార్డు చేత్తో పట్టుకుని చదవకు. బల్ల మీద పెట్టి చదువు."

బసవరాజు లోపల నవ్వుకున్నాడు. మూడొందల కార్డులు నోటికొచ్చినవాడికి చేతిలో ఉంటే ఏంటి, బల్ల మీద ఉంటే ఏంటి?

ఆ రోజు పొద్దున కింది హాల్లో పెద్ద ఆట. గెలిచినవాళ్ళు రాష్ట్రం పోటీకి వెళ్తారు. ఇంటర్ చదివే నాగవేణి దగ్గర "గబ్బిలాల దొరసాని" ఉంది. ఏడాది పాటు కార్డులు మార్చి మార్చి సంపాదించుకుంది దాన్ని. దొరసానిని శవపేటికలో పడుకోబెట్టింది. అవతలివాడు "తెల్లారింది" కార్డు వేశాడు. కాలిందా, కాల్లేదా? గొడవ.

బసవరాజు వచ్చి, కార్డు చేతిలోకి తీసుకుని, అలా చూసి ఇలా అనేశాడు. "బూడిద."

"కాదు సార్, కింద..." అనబోయింది ఆ పిల్ల.

"నాకు నేర్పుతావా?" అన్నాడు. హాలంతా నవ్వింది. పిల్ల తల దించుకుని పత్తి మార్కెట్టు వైపు పోయింది. గుమ్మంలో నిలబడ్డ ఉస్తాద్ అది చూశారు.

కాలిన కార్డు ఆటలు ముగిసేదాకా తీర్పరి దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం మేడ మీదికొచ్చి, జేబులోంచి తీసి చూసుకున్నాడు. పాత దొరసానికి రెండే వరుసలు. కొత్తగా అచ్చయినదానికి కింద చిన్న అక్షరాలతో మూడోది చేర్చారు. సరిగ్గా తన బొటనవేలు ఉన్నచోట.

రొట్టెల బుట్ట మోసుకొచ్చిన పుణ్యాన నేనూ అక్కడే ఉన్నాను. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఉస్తాద్, చెప్పిన తీర్పు మార్చుకుంటే రేపు నా మాట ఎవరు వింటారు?" అని అడిగాడు. తీర్పు మార్చాలంటే మలి ఆట గంట కొట్టేలోపే మార్చాలి. గంట రెండింటికి. అప్పటికి ఒంటిగంట ముప్పావు.

ఉస్తాద్ బల్ల మీద పళ్ళాలు పరుస్తున్నారు. ఉన్నది ముగ్గురం, పెట్టింది ఐదు. పెద్దాయన లెక్క తప్పారనుకున్నాను.

సరిగ్గా అప్పుడు వినిపించింది ఆ కేక.

"యాడ దాక్కున్నావురా?"

ఈసారి మిషను కుట్టే రంగన్న అంగడి దగ్గర. మళ్ళీ ఒకటి, కొళాయి దగ్గర. కుక్కలు మొరగడం మానేశాయి. నేను కిటికీలోంచి చూసి వెంటనే తల లాక్కున్నాను. హమాలీ ఉరుకుందప్ప! నాగవేణి మేనమామ. పత్తి బేళ్ళు లాగే ఇనప కొక్కెం భుజాన వేసుకుని వస్తున్నాడు. దాని మొన ఎండకి పిశాచం కోరలా మెరిసిందండీ.

మెట్ల మీద అడుగులు. ఒకటి. రెండు. చెక్కమెట్లు కదా, ఒక్కోటీ మూలుగుతోంది.

తలుపు దడదడమంది.

బసవరాజు గోడకి అంటుకుపోయాడు. నెత్తురు కోటలో మొట్టమొదటి నిబంధన, పిలవందే పిశాచం గడప దాటకూడదని. వందసార్లు చెప్పుంటాడు ఆ తీర్పు. ఇప్పుడు గుసగుసగా అన్నాడు. "పిలవకండి ఉస్తాద్. మీ కాళ్ళు పట్టుకుంటా, పిలవకండి."

ఉస్తాద్ వెళ్ళి గడియ తీశారు.

"లోపలికి రా ఉరుకుందప్పా."

వచ్చాడు. గుమ్మం నిండిపోయింది. ఒళ్ళంతా చెమట, చెమటకి అంటిన పత్తి. కొక్కెం ఇంకా భుజానే ఉంది. నేను బీరువా పక్కకి జరిగాను, అబద్ధమెందుకు.

"జడ్జివి నువ్వేనా?"

బసవరాజు తలూపాడు.

ఉరుకుందప్ప వాడిని పైనించి కిందికి చూశాడు. కొక్కెం మీది వేళ్ళు బిగిశాయి. మళ్ళీ వదులయ్యాయి.

"ఆ ముక్క మీద ఏం రాసుండాదో చదువు," అన్నాడు. "పిల్ల ఒకటే ఏడుస్తాండాది. ఏమైందే అంటే చెప్పదు. నాకు అచ్చరం ముక్క రాదు. నువ్వు చదువుకున్నోడివి, నువ్వు ఏం చదివితే అదే నిజమనుకుంటా. న్యాయంగానే ఓడిపోయింటే, ఏడవద్దని చెప్పి ఇంటికి తోలుకపోతా."

బసవరాజు ముఖం అంతకు ముందుకంటే ఇంకా పాలిపోయింది.

జేబులోంచి కార్డు తీశాడు. చేత్తో పట్టుకున్నాడు. బొటనవేలు దానంతటదే పోయి ఆ కింది వరుస మీద కూర్చుంది.

ఉస్తాద్ రెండు పళ్ళాలు పక్కకి జరిపి, భుజం మీది తువ్వాలుతో బల్ల తుడిచారు. సరిగ్గా కార్డు పట్టేంత చోటు. తుడిచి, మాకు వీపు పెట్టి రొట్టెల బుట్ట విప్పుకుంటూ కూర్చున్నారు.

బసవరాజు ఆ చోటు వంక చూస్తూ ఉండిపోయాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది.

కార్డు బల్ల మీద పెట్టాడు.

"ఎదుటివాడి నెత్తురు తాగుతుంది," అని చదివాడు.

"ఊఁ."

"తెల్లారితే బూడిదవుతుంది."

"అంతేనా?" అన్నాడు ఉరుకుందప్ప. గొంతు పడిపోయింది పాపం. వెళ్ళిపోవడానికి తిరిగాడు కూడా.

"ఇంకొకటుందన్నా," అన్నాడు బసవరాజు. కళ్ళు మూసుకుని తెరిచాడు. "శవపేటికలో ఉంటే కాదు."

"అట్లంటే?"

"దొరసాని కాల్లేదు. మీ పిల్ల ఓడిపోలేదు. నేనే సరిగ్గా చదవలేదు."

ఉరుకుందప్ప కొక్కెం భుజం మీంచి ఎత్తాడు. బసవరాజు కదల్లేదు. ఉరుకుందప్ప దాన్ని తీసుకెళ్ళి గోడకి ఆనించి, కిటికీలోంచి తల బయటపెట్టి, వీధి అదిరిపోయేలా అరిచాడు. "నాగవేణీ! పైకి రాయే! నీ దెయ్యం బతికే ఉండాదంట!"

బసవరాజు కిందికి వెళ్ళాడు. అరవైమంది ముందు నిలబడి, పొద్దుటి తీర్పు తప్పని, నాగవేణి ఆట ఆగినచోట నుంచే మళ్ళీ సాగుతుందని చెప్పాడు. వెనకనుంచి ఎవడో "కండ్లద్దాలు కొనిమ్మంటావా జడ్జి సామీ?" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. బసవరాజు తల దించుకోలేదు. మలి ఆట గంట రెండున్నరకి జరిపి పైకి వచ్చాడు.

అప్పటికి నాగవేణి వచ్చి ఉంది. కార్డు బల్ల మీంచి తీసి రెండు చేతులతో అందించాడు. ఆ పిల్ల తీసుకుని, కింది వరుస చూసుకుని, పుస్తకంలో పెట్టుకుంది.

ఉస్తాద్ ఒక్కో పళ్ళెంలో జొన్నరొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల పొడి వడ్డిస్తున్నారు.

బసవరాజు ఆయన పక్కకి చేరి మెల్లిగా అడిగాడు. "ఆయన కొక్కెం నా మీదికి ఎత్తడని మీకెట్ల తెలుసు ఉస్తాద్?"

"నాకేం తెలుసు?" అన్నారు ఆయన. "నాకూ భయమే వేసింది. కూర్చో, రొట్టె చల్లారుతోంది."

బసవరాజు ఉరుకుందప్ప పక్కన కూర్చున్నాడు. ఐదు పళ్ళాల ముందు ఐదుగురం.