గోడ కట్టిన మడుగు

దుప్పటి కప్పుకో బుజ్జీ. ఊఁ కొడుతూ ఉండాలి మరి, మానేస్తే నేనూ మానేస్తాను.

అనగనగా ఒక పెద్ద మడుగు, ఆ మడుగు ఒడ్డున ఒక చిన్న ఊరు. వల ఉన్నవాళ్ళు వలేసుకునేవాళ్ళు, గాలం ఉన్నవాళ్ళు గాలం వేసుకునేవాళ్ళు. ఏమీ లేని పిల్లలు తాటిదోనెలెక్కి షికారు తిరిగేవాళ్ళు. ఆ నీళ్ళు నావి అన్నవాళ్ళే లేరు.

ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు అప్పన్న గాలివానలో చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. దోనె దొరికింది, మనిషి దొరకలేదు. అలా ఆ మడుగులో పోయినవాళ్ళు ఊళ్ళో ఇంకొన్ని ఇళ్ళలోనూ ఉన్నారు. అయినా పైడమ్మ మడుగుని ఒక్క మాట అనలేదు. పొద్దున్నే రేవులో కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కాసేపు కూర్చునేది. "ఎళ్ళొస్తా మావా" అని నీళ్ళకి చెప్పి పనిలోకి వెళ్ళేది.

అప్పుడు కొండలరాయుడనే దొర వచ్చాడు. మడుగు చూసి ముచ్చటపడ్డాడు. ఈ నీళ్ళ మీద నేనొక్కణ్ణే తిరగాలి, ఈ చేపలు నేనొక్కణ్ణే పట్టాలి అనుకున్నాడు. మడుగు చుట్టూ ఎత్తుగా గోడ కట్టించాడు. ఒక్కటే తలుపు పెట్టించి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

ఊళ్ళో పొయ్యిలు చల్లబడ్డాయి. పైడమ్మ వెళ్ళి, "చేపలొద్దు బాబూ, కాసేపు రేవులో కూకుని వచ్చేస్తాను" అని బతిమాలింది.

"గోడ బయట కూర్చో" అన్నాడు దొర.

ఏం చేస్తుంది? గోడకి వీపు ఆనించి అక్కడే కూర్చునేది.

ఆ తర్వాత మంచు రోజులొచ్చాయి. ఒక పొద్దున గోడ లోపలి నుంచి చప్పుడు. టక్... టక్... తెడ్డుతో తట్టినట్టు. మర్నాడు ఎవరో గోడని అరచేతులతో తడుముతున్న చప్పుడు. చుట్టూ తిరిగి తిరిగి తడుముతున్నారు. ఆ మర్నాడు గొంతులు వినిపించాయి. నోటినిండా నీళ్ళున్నట్టు, మెల్లగా, "రేవేదీ... రేవేదీ..."

అందులో ఒక గొంతు, "రేవేదే పైడీ?" అంది.

అది అప్పన్న గొంతని పైడమ్మ పోల్చుకుంది. దొర దగ్గరికి పరిగెత్తింది. "లోపల మా వాళ్ళున్నారు బాబూ. మంచులో దారి దొరక్క తడుముకుంటన్నారు. తలుపు తియ్యండి!"

"తాళంచెవి నా దగ్గరుంటే లోపల మనుషులెలా ఉంటారే?" అని దొర నవ్వాడు. నవ్వి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, మళ్ళీ తాళం వేసుకుని, పడవెక్కాడు.

మంచు చిక్కబడింది. దొర వెనక్కి తిరిగాడు. ఎటు పోయినా గోడే. తలుపు కనబడలేదు. చేతులు నొప్పెట్టి తెడ్డు పడవలో పెట్టేశాడు. పడవ ఆగలేదు బుజ్జీ! వెనక ఎవరో తెడ్డు వేస్తున్నారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. కానీ పడవ అంచుదాకా నీళ్ళలోకి దిగిపోయి ఉంది, నిండా జనం ఎక్కినట్టు. మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. "రేవేదీ?"

దొర కేక పెట్టాడు.

గోడ బయట జనమంతా విన్నారు. "అరవనీ" అన్నారెవరో. పైడమ్మ కూడా ఒక్క క్షణం కదల్లేదు. అంతలోనే గునపం అందుకుంది. "మన వాళ్ళు ఆ పడవలోనే ఉన్నారర్రా! అది ఒడ్డుకి రాకపోతే వాళ్ళూ రారు" అంది. అందరూ కలిసి పాత రేవు దగ్గర గోడ పడగొట్టారు. పైడమ్మ మొలలోతు నీళ్ళలోకి దిగి, గొంతు చించుకుని పిలిచింది. "మావా! రేవు ఇదే! ఇటు రా, ఇటు!"

పడవ వచ్చింది. దొర ఒక్కడే, మోకాళ్ళు కావలించుకుని వణుకుతున్నాడు. ఒడ్డు తగలగానే పడవ కాస్త పైకి తేలింది, ఎవరో దిగినట్టు. మళ్ళీ కాస్త తేలింది. మళ్ళీ. ఇసక మీద తడి అడుగులు పడ్డాయి. మనుషులు లేరు, అడుగులే. కొన్ని ఈ ఇంటికి, కొన్ని ఆ ఇంటికి. ఒక జత అడుగులు పైడమ్మ ముందు ఆగి, ఆ తర్వాత వాళ్ళ గుమ్మం వైపు నడిచాయి. పైడమ్మ వెనకే వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ చెప్పలేదు. మనమూ అడగొద్దు.

దొర గోడంతా తీయించేశాడు. ఆ రాళ్ళతోనే వెడల్పుగా రేవుమెట్లు కట్టించాడు. కానీ తను మాత్రం ఆ పడవ పక్కనే కూర్చుని ఉండిపోయాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేం బాబూ?" అంది పైడమ్మ.

"పడవ పూర్తిగా తేలలేదు పైడమ్మా. ఒకరు దిగలేదు."

అందరూ వాళ్ళ వాళ్ళని లెక్క చూసుకున్నారు. ఆ ఊళ్ళో ఇంక తప్పిపోయినవాళ్ళు లేరు. ఎక్కణ్ణించో వచ్చి ఆ నీళ్ళలో పోయినవాడు, పాపం, ఏ గుమ్మానికని వెళ్తాడు?

అందుకే ఇప్పటికీ ఆ రేవుకి ఎవరొచ్చినా దోనె ఇస్తారు, గాలం ఇస్తారు, ఒడ్డున చోటిస్తారు. నువ్వెవరు, ఇక్కడికెందుకొచ్చావని అడగరు. వచ్చినవాళ్ళు ఆ దిగనివాడి మనుషులేమో, వాణ్ణి ఇంటికి తీసుకెళ్తారేమో!

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో కంటి దారి పట్టింది.