జూలయ్య దుంగబండికి తీర్పు

ఏటి అవతల అడవిలో ఒక కొండ ఉంది. ఆ కొండ నెత్తి మీంచి కింద వాగు దాకా వెదురుతో కట్టిన దారి ఒకటి ఉంది. నడిచే దారి కాదండోయ్. మొదట నిటారుగా పైకి పోతుంది, అక్కడి నుంచి గుండె గొంతులోకి వచ్చేటట్టు కిందికి దూకుతుంది, మళ్ళీ లేస్తుంది, ఏనుగంత బండరాయి చుట్టూ మెలి తిరుగుతుంది, వాగు నీళ్ళని అలా ముట్టుకుని ఎండుటాకుల గుట్టలోకి వెళ్ళి ఆగుతుంది. దాని మీద తొలిచిన దుంగతో చేసిన బండి పరిగెడుతుంది. పట్నం పార్కుల్లో రోలర్ కోస్టర్ అని ఉంటుందే, అచ్చం అదే. కాకపోతే దీన్ని కట్టింది ఒక ఎలుగుబంటి. కొంచెం ఓపిక పట్టండి, నమ్మేటట్టే చెబుతాను.

ఆ ఎలుగుబంటి పేరు జూలయ్య. పిల్లగా ఉన్నప్పుడు ఎవరో పట్టుకుని, ముక్కుకి తాడు గుచ్చి ఊరూరా ఆడించారు. ఒక పట్నంలో పార్కు గోడ పక్కన కట్టేశారు. గోడ మీదుగా బండి లేవడం, దూకడం, మనుషులు చేతులు పైకెత్తి కేకలు పెట్టడం రోజల్లా అతని కళ్ళెదుటే. అంత కేకలు పెట్టినవాళ్ళు దిగాక ఎందుకు నవ్వుకుంటూ పోతున్నారో అతనికి అంతు పట్టలేదు. ఒక్కసారి ఎక్కితే తెలిసిపోను. ముక్కుతాడు ఉన్నవాణ్ణి ఎవరు ఎక్కనిస్తారు? చివరికి తాడు తెంపుకుని అడవిలో పడ్డాడు గానీ, కళ్ళు మూసుకుంటే అదే బండి.

అతనికి తోడు దొరికింది పుల్లన్న. జన్మంతా నూనె గానుగ చుట్టూ తిరిగి, ముసలితనంలో వదిలేస్తే అడవి దారి పట్టిన ఎద్దు.

"నాకు గుండ్రంగా తిరగడం తప్ప ఇంకేమీ రాదు నాయనా" అన్నాడు పుల్లన్న.

"నాకు కావలసింది అదే తాతా" అన్నాడు జూలయ్య.

కొండ మీద ఒక పెద్ద మొద్దు నిలబెట్టారు. దానికి అడ్డతీగ తాడు చుట్టారు. పుల్లన్న మొద్దు చుట్టూ తిరుగుతుంటే తాడు చుట్టుకుంటుంది, బండి పైకి వస్తుంది. పైకి రాగానే జూలయ్య కొక్కెం తప్పిస్తాడు. ఇక ఆ తర్వాత సంగతి బండికే తెలియాలి.

కట్టే ముందు అడవిని ఏలే పెద్దపులి చారమ్మ దొరసాని దగ్గర అనుమతి తీసుకున్నారు. దొరసాని ఒక మాట అంది. తొలకరి పడే దాకా నడుపుకోమంది. ఆ తర్వాత తను తీర్పు చెబుతుంది. బండి వల్ల అడవికి మేలు జరిగిందంటే ఉంటుంది. లేదంటే ఆ వెదురంతా విప్పి వాగు మీద వంతెనకి వాడతారు, ఇంత వెదురు పాడు చేసినందుకు జూలయ్య ఏరు దాటి వెళ్ళిపోవాలి. ఏరు దాటితే ఊళ్ళు. ఊళ్ళంటే మళ్ళీ తాడు. జూలయ్య ముక్కు మీద మచ్చ తడుముకుని సరే అన్నాడు.

బండి కదిలింది. ఏం చెప్పమంటారు, అడవంతా అక్కడే. కుందేళ్ళు, అడవిపందులు, నెమళ్ళు, లేళ్ళు, తోడేళ్ళు కూడా ఒకే వరసలో నిలబడేవి. తోడేలు ముందర కుందేలు, దాని ముందర ఇంకో తోడేలు. వరసలో ఉండగా వేట లేదని ఎవరూ చాటింపు వేయలేదు, దానంతట అదే అలా అయిపోయింది. నాకైతే బండి కంటే ఆ వరసే పెద్ద వింత అనిపిస్తుంది. బండి దిగిన చోట రెండు దారులున్నాయి. ఒకటి వాగు వైపు ఇళ్ళకి, రెండోది మళ్ళీ వరస చివరికి.

ఈ సంబరం గిట్టని వాడు ఒక్కడే, నక్క నేర్పయ్య. సాయంత్రమైతే రాతిగుండు మీద కూర్చుని కథలు చెప్పడం అతని అలవాటు. అడవంతా చుట్టూ చేరేది, వచ్చిన వాళ్ళు పీతో పనసతొనో పట్టుకొచ్చేవారు. బండి వచ్చాక ఆ గుండు దగ్గరికి చెవులు వినపడని ముళ్ళపంది తప్ప ఎవరూ రావడం లేదు. అది కూడా కథ మధ్యలో నిద్రపోతోంది. అసలు ఆ బండి వైపు తొంగి చూడను కూడా చూడనని నేర్పయ్య ఒట్టు పెట్టుకున్నాడు.

దూరపు కొండల మీద మబ్బులు కమ్ముతున్నాయి. తీర్పు రోజు దగ్గర పడింది. చారమ్మకి ఒక చిక్కు వచ్చి పడింది. వేట అయితే దొరికిందా లేదా అని చూస్తే చాలు. ఒక బండి నెగ్గిందో ఓడిందో దేన్ని పట్టి చెప్పాలి? అది తినేది కాదు, తాగేది కాదు, ఎక్కినవాణ్ణి ఎక్కించుకున్న కొండ దగ్గరికే తెచ్చి దింపుతుంది.

సరిగ్గా అప్పుడు నేర్పయ్య వినయంగా తోక ముడుచుకుని వచ్చాడు. ఇందులో చిక్కేముంది దొరసానీ, ఎక్కినవాళ్ళనే అడిగితే సరి అన్నాడు. అదీ దిగీ దిగగానే అడగాలన్నాడు. ఆలోచించుకునే వ్యవధి ఇస్తే జూలయ్య మొహం చూసి మొహమాటానికి బాగుందంటారట, నిజం వేడి మీదే బయటికి వస్తుందట. చారమ్మకి సబబుగానే తోచి, ఆ పని అతనికే అప్పజెప్పింది.

మర్నాడు నేర్పయ్య ఆకుల గుట్ట దగ్గర చెట్టుకి ఆనుకుని, బండి వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఒట్టు ఒట్టే కదా. దిగినవాళ్ళని దిగినట్టే ఆపి, బాగుందా, ఒక్క మాటలో చెప్పు అని అడిగాడు. కుందేలుకి ఎక్కిళ్ళు వచ్చాయి. నెమలి నోరు తెరిచింది, మూసింది. అడవిపంది అతని మొహంలోకి చూసి, నువ్వెవరు అని అడిగింది. లేడికి కళ్ళమ్మట నీళ్ళు. సాయంత్రం దాకా అంతే, ఒక్కరి నోట మాట లేదు.

ఆ రాత్రి గడిచి తెల్లారాక సభ కూడింది. నేర్పయ్య గొంతు సవరించుకున్నాడు.

"నేను కల్పించి చెప్పను దొరసానీ. బాగుందా అని అడిగితే బాగుందన్న వాడు ఒక్కడు లేడు. ఎక్కిళ్ళు, ఏడుపులు, వణుకు. పైగా దారి పొడుగునా కేకలు. అడవిలో కేక అంటే ఏమిటో తమకి తెలియంది కాదు. తమరు వేటకి వెళితే వినపడేది అదేగా."

సభలో చాలామంది మొహమొహాలు చూసుకున్నారు. నిజమే, బాగుందని వాళ్ళెవరూ అనలేదు. ఎందుకు అనలేదో వాళ్ళకే తెలియదు. కుందేలు ఏదో చెప్పబోయింది గానీ, నిన్నటి ఎక్కిళ్ళు మళ్ళీ అందుకున్నాయి. జూలయ్య తల వంచుకున్నాడు. దొరసాని నువ్వేమంటావు అని అడిగితే అతను చెప్పిన జవాబు విని సభంతా నోరెళ్ళబెట్టింది.

"నాకూ తెలియదమ్మా. నేను ఇంతవరకూ ఎక్కలేదు. కొక్కెం తియ్యడానికి, తీగలు కట్టడానికి ఇంకొకరు లేరు."

"విన్నారుగా" అన్నాడు నేర్పయ్య, "వండినవాడే తినని కూర."

అప్పుడు పుల్లన్న నెమరు ఆపాడు. తీరిగ్గా మింగాడు. ఆ తర్వాత అడిగాడు.

"మరి నువ్వు ఎక్కావా అల్లుడూ?"

"నాకేం ఖర్మ తాతా. జన్మంతా తిరిగి ఎక్కడికీ చేరనివాడివి నువ్వు. నాకు తిరగాల్సిన పని లేదు."

"నేను తిరిగితేనే నువ్వు పైకెళ్ళేది. రుచి చూడనివాడి సాక్ష్యం ఈ అడవిలో చెల్లదని పెద్దలంటే విన్నాను. నేను కొత్తవాణ్ణి, తప్పయితే దొరసాని చెబుతారు."

తప్పు కాదు. ఆ అడవిలో కట్టుబాట్లు రెండే. తను చవిచూడని దాని గురించి ఎవరూ సాక్ష్యం చెప్పకూడదు. రెండోది, సాక్షిని పులి దగ్గరికి పిలవకూడదు. పులి పిలిస్తే లేడి వస్తుందా, వచ్చినా దానికి నోరు పెగులుతుందా? అందుకని సాక్షి తనకి నచ్చిన చోట నిలబడతాడు, దొరసానే అక్కడికి వెళ్ళి నాలుగడుగుల దూరంలో ఆగి అడుగుతుంది. సాక్షి ఎంచుకున్న చోటు కూడా సాక్ష్యం కిందే లెక్క. భయపడ్డవాడు కలుగు పక్కన నిలబడతాడు, అబద్ధమాడేవాడు పారిపోయే సందు చూసుకుని నిలబడతాడు. చారమ్మ సగం తీర్పులు అలాగే చెప్పేది.

నేర్పయ్యకి తప్పలేదు. అయినా అతనికేం భయం? ఎక్కుతాడు, దిగుతాడు, పనికిమాలిందని చెబుతాడు. జూలయ్య అతన్ని దుంగలో కూర్చోబెట్టి నడుముకి తీగ కట్టాడు. తనని ఏరు దాటించబోయే వాడి నడుముకి కూడా ముడి గట్టిగానే వేశాడు, లాగి మరీ చూశాడు.

పుల్లన్న తిరగడం మొదలుపెట్టాడు. బండి కిర్రు కిర్రుమంటూ పైకి పాకింది. నేర్పయ్య కథ చెప్పే గొంతుతో కిందివాళ్ళకి వినపడేటట్టు, ఇదిగో ఇది కుదుపు, ఇది చప్పుడు అని ఒక్కొక్క లోపం ఎంచుతూ పోయాడు. చెట్ల కొమ్మలు దాటాడు. చెట్ల నెత్తులు దాటాడు. అక్కడ అతని మాట ఆగింది.

పుట్టినప్పటి నుంచీ పొదల కిందా గడ్డి మధ్యా బతికిన నక్క అది. అడవి అంటే అతనికి తెలిసింది కాళ్ళూ వేళ్ళూ మాత్రమే. ఇప్పుడు ఆ అడవంతా అతని పాదాల కింద ఆకుపచ్చ దుప్పటిలా పరుచుకుని గాలికి లేచి పడుతోంది. ఏరు ఎండలో మెరుస్తోంది. దాని అవతల, తన కథల్లో ఎన్నోసార్లు చెప్పి ఎన్నడూ చూడని నీలం కొండలు, ఒకదాని వెనక ఒకటి, ఆకాశం మొదలయ్యే చోటు దాకా ఉన్నాయి. వాటి మీద తొలకరి వాన తెరలా దిగుతోంది. ఒక గద్ద తన కంటే కిందుగా ఎగురుతోంది. గద్ద వీపు ఏ రంగులో ఉంటుందో నేర్పయ్య ఆ క్షణమే చూశాడు. ఇంత పెద్దదా ఇది అనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఇందులోనే ఉన్నానా అనుకున్నాడు.

కొక్కెం ఊడింది.

బండి లోకంలోంచి జారిపోయినట్టు జారింది. కడుపు పైనే ఉండిపోయింది, నక్క కిందికి వచ్చింది. గాలి అతని నోట్లోకి దూరి చెవుల్లోంచి బయటికి పోయింది. కేక ఒకటి వినపడితే ఎవరిదా అనుకున్నాడు, తనదే. లేచాడు, ఒక్క క్షణం దేని మీదా కూర్చోనట్టు తేలాడు, బండరాయి చుట్టూ తిరిగితే రాయే తన చుట్టూ తిరిగింది, వాగు చల్లగా మొహాన కొట్టింది. ఎండుటాకులు. నిశ్శబ్దం.

తీగ విప్పారు. నేర్పయ్య దిగాడు. నడిచాడు.

సాక్షి ఒక చోట ఆగాక, కట్టుబాటు ప్రకారం చారమ్మ అక్కడికి వెళ్ళి నాలుగడుగుల దూరంలో నిలబడింది. వెనకాల అడవంతా. జూలయ్య ముందుకి రాలేక మొద్దు పక్కనే ఉండిపోయి, చేత్తో ముక్కు మూసుకున్నాడు.

"చెప్పు నేర్పయ్యా" అంది దొరసాని.

నేర్పయ్యది కథలకి అలవాటు పడిన నోరు కాబట్టి అదే అందుకుంది.

"పనికిమాలిన బండి దొరసానీ. కుదుపు. చప్పుడు. ప్రాణం పోయినంత పని. దీనికంటే చెట్టు కింద కూర్చుని నాలుగు మంచి మాటలు..."

ముందున్న కుందేలు ఒక అడుగు ముందుకి జరిగింది. నేర్పయ్య కూడా ఒక అడుగు జరిగాడు.

"...నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం ఎంతో మేలు. వెంటనే విప్పించెయ్యడం..."

కుందేలు ఇంకో అడుగు జరిగింది. నేర్పయ్య మాట మింగి ఆలోచనలో పడ్డాడు. వెనక నుంచి అడవిపంది ముట్టెతో పొడిచింది.

"జరగవేం బావా. సందు వదిలితే ఎవడో దూరతాడు."

నేర్పయ్య గబుక్కున జరిగాడు. అప్పుడు చారమ్మ అడిగింది, చాలా మెల్లగా.

"నేర్పయ్యా, ఇళ్ళకి పోయే దారి అటుంది. నువ్వు నిలబడ్డ చోటు ఏదో ఒకసారి చూసుకో."

నేర్పయ్య చూసుకున్నాడు. ముందర కుందేలు తోక. వెనక పంది ముట్టె. వరస మొదట్లో, మళ్ళీ ఎక్కేవాళ్ళ కోసం ఖాళీ బండి. తన కాళ్ళని అవి ఎవరివో అన్నట్టు చూశాడు. నోరు తెరిస్తే ఎక్కిళ్ళు వచ్చాయి.

ముందు కుందేలు నవ్వింది. తర్వాత పంది. ఆ నవ్వు వరస పొడుగునా పాకింది. చారమ్మ వాగు దారి వైపు చూసింది. ఆ దారిలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. వరస దారిలో మాత్రం గడ్డి పోచ లేదు, నేల నున్నగా అరిగిపోయింది. ఇంతకాలం అది ఎవరి కంటా పడలేదు.

"బండి ఉంటుంది. జూలయ్యా ఉంటాడు" అంది దొరసాని. "నేర్పయ్యా, నీ చోటు జూలయ్యకి ఇవ్వు. అతను వచ్చేదాకా తీగలు నువ్వు కట్టు, కొక్కెం నువ్వు తియ్యి. ముళ్ళు అతను వేసినంత గట్టిగా ఉండాలి."

నేర్పయ్య వరసలోంచి బయటికి రావడానికి పడ్డ బాధ చూస్తే, వెదురు విప్పినా జూలయ్య అంత బాధపడడని పుల్లన్న అన్నాడు. జూలయ్య ముక్కు మీంచి చెయ్యి తీసి, భయం భయంగా వచ్చి కుందేలు వెనక నిలబడ్డాడు. దొరసాని వెళ్ళి వరస చివర నిలబడింది. పంది హడలిపోయి తన చోటు ఇవ్వబోతే, వరస వరసే అంది.

జూలయ్య వంతు వచ్చింది. నేర్పయ్య ముడి వేశాడు, లాగి చూశాడు, తనే ఎక్కుతున్నట్టు ఊపిరి బిగబట్టి కొక్కెం తీశాడు. బండి దూకింది. గోడ అవతల నుంచి ఇన్నేళ్ళూ విన్న కేక ఈసారి జూలయ్య గొంతులోంచి వచ్చింది.

ఆకుల గుట్టలో బండి ఆగింది. వాన మొదలైంది. నేర్పయ్య కొండ దిగి పరిగెత్తుకుంటూ వచ్చి, ఎలా ఉంది మామా అని అడిగాడు. జూలయ్య నోరు తెరిచాడు, మూశాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వానలో తెలియలేదు. వరస చివరికి నడిచి వెళ్ళి చారమ్మ వెనక నిలబడ్డాడు.

నీతి: బాగోగులు నోటిని అడిగి వినండి, తీర్పు మాత్రం కాళ్ళు ఎటు నడిచాయో చూసి చెప్పండి.