తొమ్మిది రోజుల పేరు

రుక్మాంబ మేడమ్‌ను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పరు. అడిగిన మనిషికి ఏదో ఒక పని పెడతారు. పని అయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు మళ్ళీ అడగమంటారు. విజయనగరంలో కోటకు దగ్గరగా, ఒక సైకిళ్ళ దుకాణం పై అంతస్తులో, నర్సులకు జర్మన్ నేర్పుతూ పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ ఇలాగే నెట్టుకొస్తున్నారు. ఆ పద్ధతి మీద మాకు బోలెడు విసుగు. ఒక్క రోజు మాత్రం విసుగు రాలేదు. ఆ రోజు సంగతే ఇది.

అప్పటికి తొమ్మిది రోజులుగా మా అందరి చేతుల్లోనూ న్యూస్‌పేపర్ ముక్కలున్నాయి. మమ్మల్ని ఉద్యోగాలకు ఎంచుకోబోయే జర్మన్ ఆసుపత్రి అధికారి పేరు ఫ్రావ్ ష్రోప్‌ఫర్. ఫ్రావ్ అంటే మన 'గారు' లాంటిది, దానితో పేచీ లేదు. ఆ తర్వాతదే ప్రాణం తీసింది. అందులో 'ఓ' కాని 'ఓ' ఒకటి ఉంది. పెదవులు బిగించి, విడిచీ విడవకుండా గాలి ఊదాల్సిన హల్లు ఒకటి ఉంది. పెదవుల ముందు పట్టుకున్న కాగితం ఊగితే పలికినట్టు, లేకపోతే మళ్ళీ మొదలు. ఇంట్లో భోజనాల దగ్గర కూడా సాధన చేస్తుంటే మా అమ్మ తన కంచం తీసుకుని వేరే గదిలోకి వెళ్ళిపోయింది. అయినా మానలేదు. పేరు తప్పుగా పిలిస్తే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందేమోనని మాకు భయం.

మాలో అందరికన్నా బాగా కాగితం ఊపింది బోనెల పెంటమ్మ. రెండున్నర నెలల కూతుర్ని ఒళ్ళో వేసుకుని క్లాసుకొచ్చేది. కాగితం ఊగినప్పుడల్లా ఆ పిల్ల కళ్ళు కూడా దానితోపాటు ఊగేవి.

ఆ ఉదయం పెంటమ్మ లేచి నిలబడింది. "మేడమ్, పాపకు పేరు కావాలి. జర్మన్ వాళ్ళకూ ఇంగ్లీషు వాళ్ళకూ ఇబ్బంది లేకుండా నోరు తిరగాలి. ముందు జర్మనీ, వీలైతే తర్వాత ఇంగ్లండ్ అనుకుంటున్నాం కదా. పుట్టిన సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంది. రేపు మునిసిపల్ ఆఫీసులో రాయించేయాలి. మా ఆయన ఫోన్లో వెతికి నాలుగు తీశాడు. మియా, లీనా, ఎల్లా, నోరా."

వెనక బెంచీ నుంచి సలోమి అందుకుంది. "నోరా వద్దే తల్లీ! రేపు ఎదురు మాట్లాడితే 'నోరు ముయ్యవే నోరా' అనాల్సొస్తుంది."

అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"ఇంట్లో ఏమనుకున్నారు?"

"పైడితల్లి అని. మా అత్త అనలేదు మేడమ్, నేనే అమ్మవారికి మొక్కుకున్నాను. పేగు మెడకు చుట్టుకుని పుట్టింది ఇది. ఏడవలేదు. నేను నర్సుని కదా, ఎన్ని సెకన్లు గడుస్తున్నాయో తెలుస్తూనే ఉంది. అప్పుడు ఆ తల్లినే పిలిచాను. ఏడిస్తే నీ పేరే పెడతానన్నాను." ఆమె పాప తల సవరించింది. "ఏడిచింది."

"మరి?"

"ఆ పేరు వాళ్ళేటి పలుకుతారు మేడమ్? బళ్ళో పిల్లలు నవ్వుతారు. పేరుతో నేను పడ్డది చాలు. దానికొద్దు."

పెంటమ్మ పేరు వెనక కథ మాకందరికీ తెలుసు. ఆమెకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోసారి పుట్టిన బిడ్డను తల్లి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటామె ఎత్తుకుంది. తల్లి ఆమెకు చేటెడు నూకలిచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంది. ఎందుకూ పనికిరాని పిల్ల అనుకుని మృత్యువు పక్కనుంచి పోవాలని ఆ పేరు పెట్టింది. చావు మోసపోయింది. మనుషులు మోసపోలేదు, పేరు దొరికిందే చాలనుకుని నవ్వారు.

"నీ పేరుకు ఎవరు నవ్వారు?" మేడమ్ గొంతు తగ్గింది. కోపమొస్తే ఆవిడ గొంతు తగ్గుతుంది.

"బళ్ళో మాస్టారు. నర్సింగ్ కాలేజీలో హాజరు పిలిచినప్పుడల్లా మా బ్యాచ్ మొత్తం. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గారు నన్ను పిలవాల్సొస్తే ముక్కు మూసుకునేవారు, సరదాకి."

"వీళ్ళలో జర్మన్లు ఎంతమంది?"

పెంటమ్మకు వెంటనే అర్థం కాలేదు. "ఒక్కరూ లేరు మేడమ్."

"ఇంగ్లీషు వాళ్ళు?"

"లేరు."

మేడమ్ గోడ గడియారం వైపు చూశారు. పదకొండింటికి ఫ్రావ్ ష్రోప్‌ఫర్‌తో ల్యాప్‌టాప్‌లో మా పరిచయాలున్నాయి. "ముందు నువ్వే కూర్చో," అన్నారు పెంటమ్మతో. అదే ఆవిడ పెట్టిన పని.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. మేడమ్ మొదటి రోజే మాకందరికీ జర్మన్ పేర్లు పెట్టారు. కొత్త పేరుతో పిలిస్తే నోరు కొత్త భాషకు త్వరగా లొంగుతుందని ఆవిడ నమ్మకం. నేను హెల్గా. సలోమి జాబినె. మిగతావాళ్ళకు ఆలోచించి పెట్టారు. పెంటమ్మ పేరు వినగానే మాత్రం ఒక్క క్షణం కూడా ఆగకుండా "నువ్వు పెట్రా" అనేశారు. ఎందుకు ఆగలేదో అప్పుడు మాలో ఎవరమూ అడగలేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. ఆ పేరు నోటితో అనే బాధ మాకూ తప్పిందని.

తెర వెలిగింది. పొట్టి జుట్టు, కళ్ళజోడు, ఎదురుగా కాఫీ కప్పు. పెంటమ్మ నమస్కారం పెట్టి ఆవిడ పేరు పలికింది. కాగితం లేదు కానీ, ఉంటే ఎగిరిపోయేది. ఆ మనిషి కళ్ళజోడు తీసింది. "మా ఆఫీసులోనే సగం మంది ఇంత చక్కగా అనరు," అంది. తర్వాత కాగితాలు చూసుకుంది.

"దరఖాస్తులో పెంటమ్మ అని ఉంది. ఇక్కడ తెర మీద పెట్రా అని ఉంది. మీరు ఇద్దరిలో ఎవరు?"

పెంటమ్మ మేడమ్ వైపు చూసింది. మేడమ్ కిటికీ వైపు చూస్తున్నారు. ఒళ్ళో పాప కదిలి, గుక్క పట్టి ఏడుపందుకుంది. దాన్ని భుజాన వేసుకుని, ఆ ఏడుపు మీదుగా వినబడేలా, పెంటమ్మ గట్టిగా అంది. "పెంటమ్మ."

"పెంటమ్మ," అంది తెరలోని మనిషి.

అంతే. మొదటిసారికే. ముక్కు మూసుకోలేదు, పక్కకు తిరిగి పెదవి కొరుక్కోలేదు. దరఖాస్తు మీద ఏదో టిక్కు పెట్టుకుని, "అర్థమేమిటి?" అంది.

పెంటమ్మ కూడబలుక్కుని, క్రియ సరిగ్గా చివర పడేలా చూసుకుని, జర్మన్‌లో చెప్పింది. "మా అమ్మ నన్ను చావనివ్వదలచుకోలేదని అర్థం."

ఫ్రావ్ ష్రోప్‌ఫర్ అది రాసుకుంది. ఆవిడ మహా మంచి మనిషని నేననడం లేదు. మరో నిమిషంలో రాత్రి డ్యూటీల గురించి, సెలవుల గురించి పెళుసుగా అడగడం మొదలుపెట్టింది. ఆవిడకు ఆ పేరు ఒక పేరు, అంతే. దానికి కంపు పూసింది ఈ ఊళ్ళో, ఈ భాషలో, పాఠాలు చెప్పే నోళ్ళూ ప్రాణాలు పోసే చేతులూ. పూసి, కడుక్కోవడానికి ఆమెను పరాయి దేశపు పేర్ల దగ్గరికి పంపాం. కాదనగలిగిన వాళ్ళెవరైనా ఉంటే లేవండి. ఆ రోజు మా క్లాసులో ఎవరూ లేవలేదు. హెల్గా అనే నేను కూడా.

మా అందరి పరిచయాలూ ముగిశాక మేడమ్ హాజరు పుస్తకం తెరిచారు. ఎర్ర సిరాతో ఆవిడే రాసిన పెట్రా మీద గీత కొట్టారు. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టారు. తర్వాత జాబినె, తర్వాత హెల్గా, ఒక్కొక్కటే కిందిదాకా. ఆ కోపం మా మీద కాదని మాకు తెలుస్తూనే ఉంది.

పెంటమ్మ సంచిలోంచి మునిసిపల్ ఆఫీసు ఫారం తీసి బల్ల మీద పరిచింది. ఖాళీ గడి మీద వేలు పెట్టింది. పని అయిపోయింది, ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. కాబట్టి మళ్ళీ అడిగింది.

"అయితే మేడమ్, పైడితల్లి అని వాళ్ళకు నోరు తిరుగుతుందంటారా?"

మేడమ్ కింద పడి ఉన్న న్యూస్‌పేపర్ ముక్కను వంగి తీసి, ఆ ఫారం మీద పెట్టారు.

"ఆవిడ పేరుకు నువ్వు తొమ్మిది రోజులిచ్చావు," అన్నారు. "నీ కూతురి పేరుకు వాళ్ళివ్వాల్సిన రోజుల్ని అడక్కముందే మాఫీ చెయ్యకు."